ఎలుకలు కొట్టిన వాద్యాలు

మన సంగీత చరిత్రలు రాసినవారు రాగాల పుట్టుక గురించి రాశారు. వాగ్గేయకారుల గురించి, వారిని పోషించిన ఆస్థానాల గురించి, గురుశిష్య పరంపరల గురించి రాశారు. తోలు గురించి, సరేసు గురించి, చింతగింజల అంబలి గురించి రాయవలసిన అవసరం వున్నట్టు వారిలో ఎక్కువమందికి తోచలేదు. ఈ పదార్థాలు లేకుండా మృదంగం పలకదు, డప్పు మోగదు, హార్మోనియం ఊపిరి తియ్యదు. వీటిని సిద్ధంచేసే చేతులు లేకుండా ఏ విద్వాంసుడూ వేదిక ఎక్కలేడు. అయినా చరిత్రకారుని చెవి స్వరం మీదనే వుండిపోయింది. వాద్యాన్ని తయారుచేసిన మనిషి, చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేసిన మనిషి ఆ చరిత్రలో కనబడరు.

ఈ లోపాన్ని నాకు ఎత్తిచూపింది ఏ విమర్శకుడూ కాదు, ఎలుక. ఇది చమత్కారం కోసం అంటున్న మాటగా పాఠకులు తీసుకోకూడదు. ఎలుక ఏమి తిన్నదో, ఏది వదిలిపెట్టిందో చూడడం వల్లనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

నేను తెలుగు చెప్పే కళాశాల హైదరాబాదులో ఎర్రమంజిల్ గుట్ట దిగువన, పంజాగుట్ట నుంచి ఖైరతాబాదు వెళ్ళే దారికి దగ్గరలో వుంది. నిరుడు వేసవిలో మెట్ల కింద కొట్టు ఖాళీచెయ్యవలసి వచ్చింది. సాంస్కృతిక కార్యక్రమాలు చూసేవాణ్ణి గనక అందులో ఏమేమి వున్నాయో జాబితా రాసే పని నామీద పడింది. జాబితాకు మూడు గళ్ళు: వస్తువు పేరు, సంఖ్య, స్థితి. స్థితి అన్న గడిలో ‘పనికిరానిది’ అని రాస్తే ఆ వస్తువు తూకానికి పోతుంది. కొట్టు తలుపు తియ్యగానే ఎలుకల కంపు ముఖాన కొట్టింది. లోపల ఒక హార్మోనియం, రెండు మృదంగాలు, ఒక తంబుర, నాలుగు డప్పులు, బుర్రకథకు వాడే గుమ్మెటలు రెండు, ఒక పాత మైకుసెట్టు వున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా విద్యార్థులు కొందరు బుర్రకథ వెయ్యాలని తలపెట్టి, వాద్యాలు అద్దెకు తేవడానికి డబ్బు పోగుచేస్తున్నారు. తమకు కావలసిన వాద్యాలు తాము రోజూ ఎక్కిదిగే మెట్ల కిందనే వున్న సంగతి వాళ్ళకు తెలియదు. నాకూ తెలియదు. ఆరేళ్ళుగా ఆ మెట్లు నేనూ ఎక్కిదిగుతున్నాను.

ఇక నష్టం సంగతి. హార్మోనియం తిత్తి మడతల్లో మూడుచోట్ల రూపాయి బిళ్ళంత రంధ్రాలు పడ్డాయి. మెట్ల కింద పరిచిన ఉన్నిగుడ్డను లాగి, పాత హాజరుపట్టీల కాగితాలతో కలిపి, చిట్టెలుక అందులోనే గూడు కట్టుకొంది. ఒక మృదంగానికి ఎడమ మూత పూర్తిగా పోయింది. రెండవదానికి రెండువైపులా అంచులు నమిలి వున్నాయి. తంబుర కాయకు పిడికిలి పట్టేంత కన్నం. డప్పుల్లో రెండింటికి తోలు వలయం చుట్టూ కత్తితో కోసినట్టు ఊడివచ్చింది. గుమ్మెటలకు తోలు పోయి కుండలు మిగిలాయి. మైకుసెట్టు తీగలమీది తొడుగు ఎక్కడికక్కడ ఒలిచివుంది.

ఎలుక ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే వుంటాయి. వాటిని అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరకక తప్పదు. మైకు తీగలను కొరకడం అటువంటిది. వాద్యాల విషయంలో మాత్రం అది గుడ్డిగా కొరకలేదు, ఏరుకొని తిన్నది. మృదంగం ఎడమవైపును తొప్పి అంటారు. కచేరీకి ముందు దానిమీద రవ్వముద్ద అంటిస్తారు. ఆ గంభీరమైన మంద్రనాదం దానివల్లనే వస్తుంది. కచేరీ కాగానే దాన్ని గీకి తుడిచెయ్యాలి. కొట్టులో పెట్టేముందు మా కళాశాలలో ఎవరో ఆ పని చెయ్యలేదు. కుడివైపున కనిపించే నల్లని కరణి, కిట్టపురాతి పొడిని అన్నపుముద్దతో కలిపి నూరి పొరలు పొరలుగా వేసినది. డప్పు తోలును చెక్క వలయానికి చింతగింజల అంబలితో అతికిస్తారు. హార్మోనియం తిత్తిలో అట్ట, గుడ్డ, మేకతోలు వుంటాయి. వాటిని పట్టివుంచేది తోళ్ళనూ ఎముకలనూ ఉడికించి తీసిన సరేసు. వాద్యపు తోలు చెప్పుల తోలులాగా పదునుచేసినది కాదు, పచ్చితోలును ఎండబెట్టినది. కాబట్టి ఎలుకకు ఇదంతా ఆహారమే.

కొయ్యను అది దాదాపు ముట్టలేదు. పనసకొయ్య చెక్కుచెదరకుండా వుంది. పోయినవన్నీ కూర్పులూ, అతుకులూ, మూతలూ. అంటే వాద్యంలో మనిషి చాకిరీ ఎక్కువగా ఇమిడివున్న చోట్లు. చెట్టు ఇచ్చిన భాగం మిగిలింది, పనివాడు చేసిన భాగం పోయింది. అప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఇది: ఈ పనివాడు ఎవరు? ఎక్కడ వున్నాడు?

జాబితాలోని మూడవ గడిని పదిహేను రోజులు ఖాళీగా వుంచడానికి అనుమతి తీసుకొని, విద్యార్థుల దగ్గర పోగైన అద్దె డబ్బుతో హార్మోనియాన్ని పాతనగరంలో ఒక బాగుచేసే ఆయన దగ్గరకు తీసుకుపోయాము. అరవై దాటిన మనిషి. పిల్లలు ఆయనను ఉస్తాద్ అని పిలిచారు. నేను ఎలుకలను నిందించడం మొదలుపెట్టగానే ఆయన ఆపాడు.

“ఎలుకను ఎందుకు తిడ్తరు సార్? రోజూ వాయించే పెట్టె జోలికి ఎలుక రాదు. గాలి ఆడుతది, చప్పుడైతది, మనిషి చెయ్యి పడుతది. మీరు వదిలిపెట్టిన్రు, అది పట్టుకున్నది.”

ఆయన పని చేసిన క్రమం చెప్పడం అవసరం. ముందు పెట్టెను ఆరుబయట పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఎలుక పెంట మీద బ్లీచింగు నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, తడిగుడ్డతో తీశాడు. ఎండిన పెంటను చీపురుతో ఊడిస్తే దుమ్ముతోపాటు రోగం కూడా లోపలికి పోతుంది. తరువాత చీకటి గదిలో తిత్తి లోపల చిన్న బల్బు వెలిగించాడు. మాకు కనిపించినవి మూడు కన్నాలు. వెలుగు కారిన చోట్లు పదికి తక్కువ లేవు. పలచని మేకతోలును అంచులు చెక్కి, సరేసు కాచి, ఒక్కొక్కదానికి అతుకు వేశాడు. ఎలుక మూత్రం తగిలి ఇత్తడి రీడ్లు కొన్ని చిలుముపట్టాయి. వాటిని మెత్తని కుంచెతోనే తుడిచాడు. మా విద్యార్థి ఒకడు సహాయం చేద్దామని గరుకు కాగితం అందుకోగా చెయ్యి పట్టుకొని ఆపాడు. రీడు నాలుక కొసన గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట గీస్తే తగ్గుతుంది. తెలియక గీసినవాడు స్వరాన్నే మార్చేస్తాడు. ధ్వనిశాస్త్రంలో ఒక అధ్యాయానికి సరిపోయే ఈ విషయాన్ని ఆయన ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. ఆయన తరువాత ఈ పని నేర్చుకొనేవాడు ఎవరూ లేడని మాత్రం చెప్పాడు.

డప్పులను కళాశాల పక్కబస్తీలో వున్న ఒక ముసలాయన చూశాడు. విద్యార్థులకు ఆయన మొదటి రోజునుంచే తాత అయ్యాడు. కొట్టుపోయిన తోలుకు మాటు వెయ్యకూడదని, వేస్తే ఆ డప్పు దగ్గినట్టు మోగుతుందని ఆయన అన్నాడు. పాత తోలు తీసేసి, కొత్త మేకతోలు నానబెట్టి, చింతగింజల అంబలి కాచి, వలయానికి లాగి బిగించి, నీడన ఆరబెట్టి, చివర నిప్పుసెగ చూపి శ్రుతి తెప్పించాడు. మేము చుట్టూ కూర్చొని చూశాము. తనను ఇంతకుముందు కళాశాల లోపలికి ఎవరూ పిలవలేదని ఆయన మామూలుగా చెప్పిన మాట, ఆ పూట నేను చెప్పిన పాఠాలన్నిటికంటె పెద్ద పాఠం.

ఇక్కడ మన సమాజ చరిత్ర నగ్నంగా కనిపిస్తుంది. తోలును కోసి, కడిగి, ఆరబెట్టి, బిగించినవాడు అంటరానివాడైనాడు. ఆ తోలు మీద వేళ్ళు ఆడించినవాడు విద్వాంసుడైనాడు. మధ్యలో వాద్యం మాత్రం ‘పవిత్రం’ అయింది. దక్షిణాదిలో మృదంగాలు చేసే కుటుంబాలలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు కావడాన్ని, వారి పనిలోని ప్రజ్ఞను గురించి గాయకుడు టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకం రాశాడు. 2020లో దాని ఆవిష్కరణకు ముందు ఇచ్చిన వేదికను చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కు తీసుకొంది. మృదంగంలో ఆవుతోలు వుందన్న సంగతి వాయించేవారికి ఎప్పుడూ తెలిసిందే. ఆ సంగతిని అచ్చులో పెట్టడమే నేరమైంది.

తెలుగునేల మీద ఈ నిశ్శబ్దాన్ని బద్దలుకొట్టింది కూడా వాద్యమే. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, ఊరి వెట్టికి గుర్తుగా వున్న డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా మార్చింది. అయితే గుర్తింపు వేరు, బతుకుతెరువు వేరు. ఎండిన కాయలూ, వెదురూ, తేనెమైనమూ కూర్చి చేసిన పన్నెండు మెట్ల కిన్నెరను వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్ళు దాటగానే, 2024లో, ఆయన హైదరాబాదు శివారులో ఇళ్ళు కట్టే చోట కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. కళాకారుడు కూలికి పోయిన ఇంట్లో వాద్యం గోడకు వేలాడుతుంది. గోడకు వేలాడే వాద్యం ఎలుకకు ఎంతో దూరంలో వుండదు.

వాద్యాన్ని మూలపడవేసేది పేదరికం ఒక్కటే అనుకోకూడదు. అభిరుచి పేరుతో కూడా మూలకు తొయ్యవచ్చు, చట్టం పేరుతో కూడా తొయ్యవచ్చు. ఇందుకు మా కొట్టులోని హార్మోనియం, గుమ్మెటలే సాక్ష్యం.

హార్మోనియం పుట్టుక మనది కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ దానికి పేటెంటు తీసుకొన్నాడు. అది కుర్చీలో కూర్చొని కాళ్ళతో తిత్తి తొక్కే పెట్టె. క్రైస్తవ మిషనరీలతో, దొరలతో మన దేశానికి వచ్చింది. నేలమీద కూర్చొని పాడే మన అలవాటుకు తగినట్టు, ఎడమచేత్తో తిత్తి ఊదుతూ కుడిచేత్తో వాయించే చిన్నపెట్టెగా దాన్ని మార్చింది 19వ శతాబ్ది చివరి పాదంలో కలకత్తా పనివారు. ద్వారకానాథ ఘోష్ కర్మాగారం ఇందులో ప్రసిద్ధమైనది. ఆ మార్పుతో అది ప్రజల చేతికి అందింది. తెలుగు పద్యనాటకానికి హార్మోనియమే ఊపిరి అయింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు, వాటి వెనుక లెక్కలేనన్ని ఊరి సమాజాలు, భజన బృందాలు, దీనిని బండ్లమీద ఊరూరా తిప్పాయి. శ్రుతిపెట్టుకొనే బాధ లేదు, గొంతుకు అండగా వుంటుంది, ఖరీదు భరించరానిది కాదు. జనం కోరేది ఇంతకంటె ఏమిటి?

అయితే 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి దీన్ని నిషేధించింది. దీని స్వరాలు స్థిరంగా వుంటాయని, మన గమకాలను పలికించలేదని వాదించారు. రవీంద్రనాథ ఠాగూరు అంతటివాడు ఆ నిషేధాన్ని హర్షించాడు. వాదంలో నిజం లేకపోలేదు. ఒక మెట్టు మీదనుంచి ఇంకొక మెట్టు మీదికి హార్మోనియం గెంతుతుంది, వీణలాగా జారదు. కాని ఒక వాద్యానికి హద్దులున్నాయని చెప్పడం విమర్శ. ఆ హద్దుల పేరు చెప్పి దానిని దేశంలోని రేడియో కేంద్రాలన్నిటినుంచి గెంటివెయ్యడం అధికారం. స్వాతంత్ర్యం వచ్చింది, అధికారులు మారారు, నిషేధం మాత్రం 1971 దాకా సాగింది. ఆ మూడు దశాబ్దాలూ ఊరి నాటకంలో, భజనలో, సభల్లో హార్మోనియం మోగుతూనే వుంది. ప్రభుత్వం కాదన్న వాద్యం ప్రజల వాడుక వల్లనే మనగలిగింది.

గుమ్మెట సంగతి ఇంకా తీవ్రమైనది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగంకథ సంప్రదాయాన్ని తీసుకొని బుర్రకథను రైతుకూలీల సమస్యలు చెప్పే పదునైన సాధనంగా మలిచింది. షేక్ నాజర్ గొంతులో, సుంకర సత్యనారాయణ రచనలో అది వేలమందిని కదిలించింది. 1947లో సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కళాకారులను వెంటాడారు, జైళ్ళలో పెట్టారు. ప్రదర్శన ఆగినచోట గుమ్మెట తాడు వదులవుతుంది, తోలు ముడుచుకొంటుంది. పోలీసు చెయ్యి తగలకపోయినా చాలు. అటక మీద మిగతా పని ఎలుక పూర్తిచేస్తుంది. అయినా బుర్రకథ చావలేదు. తిరిగి వేదిక ఎక్కింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఎన్ని ప్రశంసాపత్రాలు రాసినా బుర్రకథకు ప్రాణం పొయ్యలేవు. దానిని బతికించింది మళ్ళీ తోలు బిగించిన చేతులూ, మళ్ళీ కథ ఎత్తుకొన్న గొంతులూ.

మా కళాశాల కిటికీలోనుంచి చూస్తే గుట్ట కనబడుతుంది. దానిమీద ఎర్రమంజిల్ భవనం. 1870 ప్రాంతంలో ఫక్రుల్ ముల్క్ అనే నవాబు కట్టించిన 150కి పైగా గదుల సౌధం. పారసీకంలో ఇరమ్ అంటే స్వర్గవనమని, తెలుగువాడికి అది ఎర్రగుట్ట మీది మంజిల్ అయిందని చెబుతారు. ఆ స్వర్గవనం ఎవరి చెమటతో లేచిందో వేరే చెప్పనక్కరలేదు. నవాబుల కాలం గడిచాక అది ప్రభుత్వం చేతికి వచ్చి, కొంతకాలం రికార్డులు దాచే గిడ్డంగిగా, ఆ తరువాత ఇంజనీర్ల కార్యాలయంగా వుంది. 2019 జూన్‌లో దానిని పడగొట్టి శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. శంకుస్థాపన కూడా జరిగింది. కొందరు పౌరులు కోర్టుకు వెళ్ళారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

భవనం నిలవడం మంచిదే. నవాబు కట్టించాడు గనక పడగొట్టాలనే వాదం నాది కాదు. రాళ్ళు మోసినవాడి జ్ఞాపకం కూడా ఆ గోడల్లోనే వుంది. కాని గుట్టమీది గోడలకు పరిరక్షణ జాబితా వుంది, న్యాయవాది వున్నాడు, కోర్టు వుంది. గుట్ట దిగువన మెట్ల కింద వున్న హార్మోనియానికి వున్నది ‘పనికిరానిది’ అనే ఒక గడి. వారసత్వ సంపద అనే మాటను మనం ఎంతకాలం రాతికీ సున్నానికీ మాత్రమే వాడుతూ వుంటాము?

ఇందుకు కొందరు మిత్రులు చెప్పే పరిష్కారం మ్యూజియం. జయధీర్ తిరుమలరావు వంటివారు ఆదివాసుల, ఆశ్రితకులాల వాద్యాలను ఎంతో శ్రమపడి సేకరించకపోతే వాటిలో కొన్నింటి రూపమైనా మనకు మిగిలేది కాదు. ఆ కృషిని తక్కువచెయ్యకూడదు. అయితే మ్యూజియం రూపాన్ని నిలుపుతుంది. నాదం నిలవాలంటే వాయించాలి, వాయిస్తే అరుగుతుంది, అరిగితే బాగుచెయ్యాలి, బాగుచెయ్యాలంటే ఆ పని తెలిసిన మనిషికి కడుపునిండా కూలి దొరకాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా తక్కినవి నిలవవు. ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది గదా అని ఇంకొకరు అంటారు. రానివ్వండి. ఒకనాడు హార్మోనియం కూడా అలాగే వచ్చింది. కొత్త యంత్రంతో మనకు పేచీ లేదు. పాతదాన్ని వాయించే, బాగుచేసే జ్ఞానాన్ని చూడకుండానే తూకానికి వెయ్యడంతోనే పేచీ.

చివరకు మా కొట్టు లెక్క ఇలా తేలింది. హార్మోనియం పలికింది, బాగుచేతకు కొత్తపెట్టె ధరలో నాలుగోవంతు కూడా కాలేదు. డప్పులు నాలుగూ మోగాయి. గుమ్మెటలకు కొత్త తోళ్ళు పడ్డాయి. ఒక మృదంగాన్ని మూతలు కొత్తవి వేయించి దక్కించుకొన్నాము; రెండవదానికి ఇంకా డబ్బు కూడలేదు. తంబుర కాయకు అతుకు కుదరలేదు. దానిని జాబితాలో ‘బాగుచెయ్యలేకపోయాము’ అని రాశాను. పనికిరానిది అనే మాట కంటె అది నిజానికి దగ్గర.

గోడలోని కన్నాలకు ఇనుపజాలీ కొట్టి సిమెంటు పూశాము. మందుపెట్టలేదు, మందు తిన్న ఎలుక హార్మోనియంలోనే చస్తుందని ఉస్తాద్ ముందే హెచ్చరించాడు. తొప్పిమీద రవ్వ తుడిచే పని ఎవరిదో వంతులు రాసి తలుపుకు అంటించాము. కొట్టు తాళంచెవి ఇప్పుడు కార్యాలయంలో లేదు, విద్యార్థుల దగ్గర వుంది. బుర్రకథ నాడు మొదటి వరసలో తాతను కూర్చోబెట్టారు. డప్పు కట్టడం నేర్పడానికి ఆయనకు కూలి ఇచ్చి నెలకు రెండు పూటలు రప్పించాలని విద్యార్థులు అర్జీ పెట్టారు. ‘ఏ పద్దు కింద ఇవ్వాలి?’ అన్న ప్రశ్నతో అది తిరిగి వచ్చింది. ఆ పద్దు సృష్టించమని మళ్ళీ రాశాము. మీ కళాశాలలో కూడా మెట్ల కింద ఒక కొట్టు వుండేవుంటుంది. ముందు దాని తాళం తీయించండి. తరువాత మీరూ రాయండి.